ఊరికే సాయం

పిల్లాడి నడుముకి చుట్టిన పాత చున్నీ రెండో కొసని పూలబల్ల కాలికి కట్టింది సుగన్య. రోజంతా పూలు ముడివేసే వేళ్లు కాబట్టి ఆ ముడి ఒకసారి బిగిస్తే పిల్లాడే కాదు, వాడి తండ్రి లాగినా ఊడదు. రెండేళ్ల అభిరామ్ చున్నీ సాగినంత దూరం వెళ్లి, కింద రాలిన చామంతి రేకులు ఏరి నోట్లో పెట్టుకుని, చేదు తగలగానే ఉమ్మేసి, మళ్లీ ఏరుతున్నాడు.

బస్సుల్లో కూడా మాస్కులు తీసేయొచ్చని చెప్పిన ఏడాది అది. బెడోక్‌లో ఆ ఫ్లాట్ల బ్లాకు కింద, కాఫీషాపుకీ కిరాణా కొట్టుకీ మధ్యనున్న పూలకొట్టుకి మళ్లీ కళ వచ్చింది. ఆ మంగళవారం సాయంత్రం బల్లకి ఒకపక్క సుగన్య, ఇంకోపక్క ఆమె మొగుడు దేవన్‌కి మేనత్త రాజామణి కూర్చుని మల్లెలు కడుతున్నారు. రెండేసి మొగ్గలు ఎదురెదురుగా పెట్టడం, తడినార చుట్టూ తిప్పడం, బొటనవేలితో బిగించడం. కళ్లు ఎటు తిరిగినా చేతులు ఆ మూడు పనులూ చేసుకుపోతుంటాయి.

వారం వారం పూలకొచ్చే ఉజ్వల ఆఫీసు బ్యాగుతో వచ్చి, కిందకి చూసి ఉలిక్కిపడింది.

"అయ్యో, బాబును కట్టేసిండ్రా?"

సుగన్య మొహం కందిపోయింది. "వదిల్తే కార్లకాడికి ఎల్లిపోతాడక్కా. మొన్న దండకి గుచ్చే తీగముక్క నోట్లో పెట్టీసుకున్నాడు."

"పక్క బ్లాకు కిందనే చైల్డ్‌కేర్ ఉంది గదా. మా పాప పోయేది అందులనే. మేం ఇల్లు మారుతున్నం, సీటు ఖాళీ అయితది. రేపే పోయి అడుగు."

"శానా అవుతాదేమో అక్కా."

"మాకయితది. మేం వర్క్ పాస్ మీద బయటినుంచి వచ్చినోళ్లం, ఒక్క డాలర్ రాదు. మీ బాబు సిటిజనేనా?"

"అవునక్కా. ఆళ్ల నాన్న ఇక్కడోడే."

"ఇంకేంది మరి! గవర్నమెంటే కడ్తది. అమ్మ గూడ పని చేస్తుంటే ఇంకా ఎక్కువ కడ్తది. నువ్వు వర్కింగే గదా?"

"లేదక్కా, పనేటీ లేదు. ఇంట్లోనే ఉంటాను."

ఆ మాట అంటుండగానే సుగన్య కట్టిన మల్లెలు మోచేతికి కొలిచి, పుటుక్కున నార తెంపి, అరటాకులో చుట్టింది. ఉజ్వల ఆ చేతుల వంకే చూస్తూ, "మరి ఇదేంది?" అంది.

సుగన్యని ఆ మాట అంతవరకూ ఎవరూ అడగలేదు. "ఇదా... పెద్దత్తోళ్ల షాపు కదక్కా. ఊరికే సాయం."

"కబుర్లు తరవాత. ఎన్ని మూరలు కావాలమ్మా నీకు?" అంది రాజామణి తలెత్తకుండానే.

* * *

మర్నాడు మధ్యాహ్నం బేరాలు తగ్గాక సుగన్య పిల్లాణ్ణి చంకనెత్తుకుని పక్క బ్లాకుకి వెళ్లింది. గాజు తలుపు వెనక బుల్లి చెప్పులు వరసగా ఉన్నాయి. లోపల పదిమంది పిల్లలు చాపలు పరుచుకుని నిద్రపోతున్నారు. ఏ ఒక్కడి నడుముకీ గుడ్డ లేదు. సుగన్య వాళ్లని అలా చూస్తూ నిలబడిపోయింది.

ఆఫీసులో శర్మిల అనే ఆవిడ ఉంది. సుగన్య ఇంగ్లీషు తడబడటం చూసి తమిళంలోకి మారింది. సరిహద్దు అవతల తెలుక్ ఇంతాన్ దగ్గర తోటల్లో పుట్టి, ఫారం త్రీతో, అంటే తొమ్మిదో తరగతితో బడి మానేసిన సుగన్యకి తమిళమైతే నీళ్లు తాగినంత తేలిక. మొగుడి ఉద్యోగం, జీతం, పిల్లాడి బర్త్ సర్టిఫికెట్ అన్నీ టకటకా చెప్పింది.

"మీరేం చేస్తారు?"

"ఏమీ చెయ్యను మేడం. హౌస్‌వైఫ్."

శర్మిల కంప్యూటర్లో ఏదో నొక్కి తెరని ఇటు తిప్పింది. ఆ అంకె చూసి సుగన్య పిల్లాణ్ణి మరో చంకకి మార్చుకుంది. దేవన్ తువాస్ షిప్‌యార్డులో ఆదివారాలు కూడా చేసే ఓవర్‌టైమంతా దానికే పోయేట్టుంది.

"సరే మేడం, మావారిని అడిగి చెప్తాను," అని లేచింది. అడగబోదని ఇద్దరికీ తెలుసు.

"ఒక్క నిమిషం." శర్మిల ఆమె వేళ్ల వైపు చూస్తోంది. గోళ్ల చుట్టూ ఆకుపసరు నల్లగా దిగి ఉంది, చూపుడువేలి మీద నార కోసిన గీత. "మిమ్మల్ని చూశాను. కాఫీషాపు పక్కన పూలు కట్టేది మీరే కదూ? మా అమ్మకి శుక్రవారాలు అక్కడే కొంటాను."

"అది మావాళ్ల షాపు మేడం. సాయం చేస్తాను."

"ఎప్పటినుంచి ఎప్పటిదాకా చేస్తారు సాయం?"

"పొద్దున్న పూలబండి వస్తుంది కదా, అప్పట్నుంచి. రాత్రి షాపు మూసేదాకా. మధ్యలో వంటకి ఇంటికి పోతాను."

శర్మిల నవ్వలేదు. "వర్కింగ్ మదర్ అనడానికి యాభై ఆరు గంటలు చాలమ్మా."

"వారానికా?"

"నెలకి."

అప్పుడు మాత్రం సుగన్య నవ్వింది. శర్మిల మళ్లీ నొక్కి, మళ్లీ తెర తిప్పింది. ఈసారి అంకె వాళ్లింటి వారం కూరగాయల ఖర్చంత కూడా లేదు.

"పని ఇచ్చేవాళ్లు జీతమిచ్చి, సీపీఎఫ్, అదే మీ పేరున ప్రావిడెంట్ ఫండ్, కట్టాలి. ఫలానా తేదీనుంచి మా దగ్గర పని చేస్తోందని ఒక కాగితం రాసివ్వాలి. పాత తేదీ వేయించకండి, అబద్ధం వద్దు. ఇకనుంచి ఇస్తామంటే ఇకనుంచే రాయమనండి. సీటు శుక్రవారం మధ్యాహ్నం దాకా ఆపుతాను. వెనక నలుగురున్నారు."

* * *

దేవన్ కంపెనీ బస్సు దిగి వచ్చేసరికి సుగన్య కంచం పెట్టి కూర్చుంది. వాళ్లుండేది రాజామణి, ఆమె మొగుడు జగన్నాథం ఉండే ఫ్లాటులోనే, లోపలి గదిలో. అద్దె లేదు. అందుకని ఆ ఇంట్లో వాళ్లిద్దరూ ఏం మాట్లాడుకోవాలన్నా గొంతు తగ్గించే మాట్లాడుకుంటారు.

"జగన్నాథం మావ ఏటీ అనడు. మంచోడు," అన్నాడు దేవన్ అన్నం కలుపుతూ. "పెద్దత్తే. ఆవిడ నోట్లోంచి ఊఁ అనిపించడం మన తరమా? రేపు పొమ్మంటే ఈ గది కూడా పోతాది. బైట గది అద్దెలెలా ఉన్నాయో తెలుసు కదా."

"మరి అబీ?"

"నువ్వే అడుగు. మెల్లిగా అడుగు. కోపమొస్తే ఊరుకో."

పిల్లాడు నిద్రలో పక్కకి దొర్లాడు. చొక్కా పైకి లేచి, నడుము చుట్టూ చున్నీ ఒరుసుకున్న ఎర్రటి చార కనిపించింది. దేవన్ కూడా చూశాడు. కలిపిన ముద్ద కంచంలోనే ఉంది.

గురువారం పొద్దున్న జొహోర్ నుంచి యాకూబ్ పూలబండి వచ్చింది. ఐసుపెట్టెలు దించుకుని, మల్లెలు తడిగుడ్డ మీద పోసి, మాడిన మొగ్గలు ఏరి పారేస్తూ, రాజామణి మూడ్ చూసి సుగన్య విషయం ఎత్తింది. అంతా ఒక్క గుక్కలో చెప్పేసింది.

రాజామణి ఏరడం ఆపలేదు. "అయితే ఇప్పుడు నీకు జీతం కావాలేటి?"

"జీతం కోసం కాదత్తా. కాగితం కోసం. పిల్లాడి కోసం."

"నా దగ్గర కూచుని పూలు కట్టడానికి కాగితమేటే! నాకెవడిచ్చేడు కాగితం? పెళ్లై బాగన్ దాతోనించి వచ్చిన మర్నాడు ఈ బల్లకాడ కూచున్నాను. ఇద్దరు పిల్లల్ని ఈ బల్లకిందే పెంచేను. ఆళ్లేటి సచ్చిపోయేరా?"

సుగన్య తల వంచుకుని మొగ్గలు ఏరింది. తర్వాత రాజామణే, ఎవరికో చెప్తున్నట్టు అంది: "ఇంకొన్నాళ్లు ఓపిక పట్టు. అరవై అయిదు రానీ. నా సీపీఎఫ్ నాకొస్తాది. మన పక్కింటి చైనా అమ్మకి నెలనెలా రావట్లేదేటి? అప్పుడు నా మనవడి ఫీజు నానే కట్టీసుకుంటాను. ఎవడి కాగితమూ అక్కర్లేదు."

ఆ మాటకి సుగన్యకి ఏడుపొచ్చింది. అరవై అయిదు వచ్చేసరికి పిల్లాడు పెద్ద బళ్లోకి పోతాడని ఎలా చెప్పడం? "రేపు మధ్యాహ్నందాకానే సీటు ఆపుతారత్తా," అంది మెల్లిగా.

రాజామణి ఒక మాడిన మొగ్గని వేళ్లతో నలిపి పారేసింది. "మావనడుగు. రాతకోతలన్నీ ఆయనవే."

మెత్తగా తోసేసిందనుకుంది సుగన్య. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననియ్యదన్నట్టుంది.

* * *

జగన్నాథం ఉతికి ఇస్త్రీ చేసిన తెల్లచొక్కాతో, నుదుట గంధంబొట్టుతో గల్లా దగ్గర కూర్చుంటాడు. గుళ్లకీ పెళ్లిళ్లకీ ఆర్డర్లు మాట్లాడేది ఆయన, బండి మీద చేరవేసేది ఆయన. గొంతు పెంచి మాట్లాడగా ఎవరూ వినలేదు. రాజామణికి భయపడే గిరాకీలంతా ఆయన నవ్వు చూసి నిలబడతారు.

ఆ సాయంత్రం సుగన్య చెప్పిందంతా ఆయన మధ్యలో అడ్డం రాకుండా విన్నాడు.

"సుగన్యమ్మా, నీకేటి లోటు? గది లేదా? అన్నం లేదా? దీపావళికి చీర కొనలేదా?"

"అది కాదు మావా. కాగితం ఉంటే అబీని చేర్చుకుంటారంట."

"చేర్చు. ఎవరొద్దన్నారు? పిల్లాడు చదువుకుంటే నాకు మాత్రం సంతోషం కాదేటి? కాని మా ఇంటి కోడలు మా దగ్గర కూలికి పని చేస్తోందని నా చేత్తో నాను రాయాలా? సంఘంలో ఎవరైనా వింటే ఏటనుకుంటారు? పనిమనిషివేటమ్మా నువ్వు? ఈ షాపు నీది."

ఆ మాటల్లో ఎంత వెతికినా సుగన్యకి ముల్లు దొరకలేదు. అయినా మింగుడుపడలేదు. "అవును మావా," అంది. అని అక్కడినుంచి కదల్లేకపోయింది. కాళ్ల దగ్గర చున్నీ పట్టుకుని లాగుతూ పిల్లాడు, "నో, నో," అంటున్నాడు.

జగన్నాథం నవ్వేశాడు, వాతావరణం తేలిక చేద్దామని. "అయినా ఇవేళ నీకు రాస్తే రేపు మీ అత్త వచ్చి లైన్లో నిలబడతాది. పాపం, తనకీ ఏ కాగితమూ లేదు కదా!"

బల్లకి అవతల రాజామణి చెయ్యి ఆగింది.

"నాకు లేదేటి?"

"ఏటి లేదు?"

"కాగితం. మరి నా సీపీఎఫ్?"

"నీకు సీపీఎఫ్ ఎక్కడినుంచి వస్తాదే? నువ్వెక్కడైనా ఉద్యోగం చేసేవా?"

"అప్పుడు ఆఫీసుకి తీసికెళ్లి సంతకం పెట్టించేవు కదా. నీదీ నాదీ అన్నావు."

"అది ఫ్లాటుది. షాపుది కాదు."

"షాపు?"

"షాపు నా పేరు మీదుంది. నా పేరుంటే నీ పేరున్నట్టే కాదేటి? ఏటా మొహం? నిన్ను నానేవైనా రోడ్డున పడేస్తానా?"

ఆయన ఫోను మోగింది. మర్నాడు సాయంత్రం పెళ్లికి రెండు పెద్ద దండలు, ఆడపెళ్లివాళ్లకి జడలకి మల్లెలు. "తప్పకుండా మేడం, ఫ్రెష్‌గా కట్టించి పంపిస్తాను," అంటున్నాడు.

రాజామణి మళ్లీ కట్టడం మొదలుపెట్టింది. ఒకావిడ వచ్చి రెండు మూరలడిగితే కొలిచి తెంపి ఇచ్చింది. ఆవిడ చేతికి అందుకోగానే మధ్యలో నార వదులై మల్లెలు జలజలా రాలిపోయాయి. ఆ బల్ల దగ్గర అలాంటిది సుగన్య ఎన్నడూ చూడలేదు. వంగి ఏరబోతే రాజామణి, "వదిలీ," అంది. డబ్బు వెనక్కిచ్చేసి, చేతులు తుడుచుకుని, ఎవరికీ చెప్పకుండా లిఫ్టు వైపు వెళ్లిపోయింది.

* * *

శుక్రవారం పొద్దున్న పూలు దిగాయి. పెళ్లిదండల గులాబీలు, తామరమొగ్గలు, వెండిదారం బల్ల మీద సిద్ధంగా ఉన్నాయి. సుగన్య నార తడిపి పెట్టింది. పెద్దత్త రాలేదు. తనొక్కతే జడల మల్లెలు మొదలుపెట్టింది.

ఎండ కాస్త ఎక్కాక రాజామణి లిఫ్టులోంచి దిగింది. ఒంటి మీద గుడికెళ్లే పట్టుచీర, చేతిలో హ్యాండుబ్యాగు. బల్ల దగ్గరికి వచ్చి, అభిరామ్ నడుముకున్న ముడి విప్పి, వాణ్ణెత్తుకుని కొట్టుకి ఎదురుగా, బ్లాకు కింద ఖాళీగా వదిలిన వాయిడ్ డెక్‌లో ఉన్న రాతిబెంచీ మీద కూర్చుంది.

జగన్నాథం గల్లాలోంచి పిలిచాడు. "ఏటే, ఎక్కడికైనా ఎల్తున్నావా?"

"ఎక్కడికీ లేదు. ఇక్కడే."

"టైమవుతాంది."

"దేనికి?"

"దేనికేటి! పెళ్లిదండలకి!"

"నీ షాపు, నీ దండలు. నాను ఊరికే సాయం కదా. ఇవేళ నాకు సాయం చెయ్యాలని లేదు." పిల్లాడికి ఒక బిస్కెట్ తీసిచ్చి, చీర మీద పడ్డ పొడి దులుపుకుంది.

కాఫీషాపులో టీ తాగుతున్న ముసలాళ్లిద్దరు ఇటు తిరిగి కూర్చున్నారు. జగన్నాథం నవ్వాడు. కాసేపు ఆగి మళ్లీ నవ్వాడు. అవతల నుంచి నవ్వు రాకపోయేసరికి, గొంతు తగ్గించి సుగన్య దగ్గరికొచ్చాడు.

"అమ్మా, నీ కాగితం ఎక్కడుంది? ఏటి రాయాలి?"

సుగన్య చేతిలో మొగ్గలు అలాగే ఉన్నాయి. శర్మిల ఇచ్చిన నమూనా బల్ల కింద ప్లాస్టిక్ కవర్లో ఉంది. తీసిచ్చింది. ఆయన కళ్లజోడు పెట్టుకుని, బిల్లుపుస్తకం తెచ్చుకుని, ఈవేళ్టి తేదీ వేసి, జీతం వేసి, సంతకం చేసి, షాపు ముద్ర గుద్దాడు. సీపీఎఫ్ మాట ఆయనే రాశాడు. మొత్తం టీ చల్లారేంత సేపు కూడా పట్టలేదు. ఇంతేనా, అనిపించింది సుగన్యకి.

"ఇంద. ఇంక కూచో. ఆ పెద్దదండ నువ్వే ఎత్తుకో. నీ చెయ్యి మీ అత్త చెయ్యికంటే మేలు."

సుగన్య కాగితం పట్టుకుని బెంచీ వైపు చూసింది. ఇది తీసుకుంటే పెద్దత్తని ఒంటరిని చేసినట్టు. తీసుకోకపోతే మధ్యాహ్నానికి సీటు పోతుంది.

"నా మొహమేటి చూస్తావు?" అని అరిచింది రాజామణి అక్కణ్ణించే. "ముందెల్లి ఇచ్చీసి రా! నీ సిగ్గు మండిపోను, వెనక నలుగురున్నారన్నావు కదా!"

సుగన్య ఆమె ఒళ్లోంచి పిల్లాణ్ణి చంకనెత్తుకుని పరిగెత్తినట్టే వెళ్లింది. శర్మిల కాగితం చదివి, తేదీ చూసి, తలూపింది. "సోమవారం నుంచి రావచ్చు. ఇప్పుడొక గంట ఉంచి చూద్దామా, అలవాటవుతాడు?" అంది. టీచరు వచ్చి చెయ్యి చాపింది. అభిరామ్ అమ్మని చూశాడు, బల్ల నిండా ఉన్న రంగురంగుల చెక్కముక్కల్ని చూశాడు. అమ్మ చంకలోంచి జారి అటు పోయాడు. ఎంత దూరం పోయినా వాణ్ణి ఏదీ వెనక్కి లాగలేదు. చివరి గోడదాకా పోయి, అక్కడ ఆగి, ఆశ్చర్యంగా వెనక్కి తిరిగి చూసుకున్నాడు.

సుగన్య చెప్పులు వేసుకుని బయటికొచ్చేసరికి చంక బోసిగా ఉంది.

కొట్టు దగ్గర జగన్నాథం బల్ల ముందు కూర్చుని గులాబీని తీగకి గుచ్చుతున్నాడు. రెండోది గుచ్చేసరికి మొదటిది విచ్చిపోతోంది. తెల్లచొక్కా మీద ఆకుపసరు మరక. ఇద్దరు గిరాకీలు నిలబడి గడియారం చూసుకుంటున్నారు. సుగన్యని చూడగానే ఆయనకి ప్రాణం లేచొచ్చింది.

"వచ్చీసేవా, రా రా. చేర్చుకున్నారా?"

"చేర్చుకున్నారు మావా."

"మంచిది. రా, కూచో."

సుగన్య బల్ల దగ్గరికి వచ్చింది. తను పొద్దున్న కట్టిన మల్లెల మీద తడిగుడ్డ కప్పింది, వాడిపోకుండా. లోపలి గది, అద్దె, దేవన్ తగ్గించిన గొంతు, అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. అయినా నడిచి వెళ్లి రాతిబెంచీ మీద రాజామణి పక్కన కూర్చుంది.

రాజామణి అటూ ఇటూ చూసింది. "ఏటే, నీకు పిచ్చా? ఎల్లి పని చూసుకో."

జగన్నాథం బల్ల వెనకనుంచి లేచాడు. "అదేటమ్మా! నీకు కాగితం ఇచ్చీసేను కదా!"

"ఇచ్చీసేరు మావా." సుగన్య గొంతు చిన్నగానే వచ్చింది. కాని ముసలాళ్లకి కూడా వినిపించింది. "ఇవేళ్టికి నా జీతం కోసుకోండి."

రాజామణి గబుక్కున కొంగు నోటికడ్డం పెట్టుకుంది. నవ్విందో, మరేదో, భుజాలు మాత్రం కదిలాయి. గిరాకీల్లో ఒకావిడ పక్క సందులో ఇంకో పూలకొట్టు ఉందా అని ఎవరినో అడుగుతోంది. జగన్నాథం ఫోను మోగింది. తెర మీద పేరు చూసి ఆయన ఎత్తలేదు. మోగి మోగి ఆగిపోయింది. చేతిలో తీగ, తీగకి ఒకే ఒక్క గులాబీ. దాన్ని బల్ల మీద పెట్టేసి, మళ్లీ బిల్లుపుస్తకం ముందుకి లాక్కున్నాడు.

"ఏమే," అన్నాడు తలెత్తకుండా. "నీ ఐసీ కార్డు ఎక్కడుంది? నీ కాగితంలో నంబరెయ్యాలి."

"నా బ్యాగులో."

"ఇటు తే."

"మోకాళ్లు నొప్పులు," అంది రాజామణి. "నువ్వే వచ్చి తీసుకో."

జగన్నాథం పెన్ను పట్టుకుని ఒక్క క్షణం అలాగే నిలబడ్డాడు. తర్వాత బల్ల చుట్టూ తిరిగి, రాలిన రేకులు తొక్కుకుంటూ, బెంచీ వైపు రాసాగాడు. సుగన్య కాస్త జరిగి చోటిచ్చింది.